చెరకు సీమలో ముఖచిత్రాల వేట

బస్సు అర్సపల్లి దాటగానే పక్కసీటు పెద్దమనిషి మాట కలిపాడు.

"ఏడికి సార్?"

"బోధన్‌కు. అక్కణ్ణించి రుద్రూరు దారిలో ఒక క్యాంపుకు."

"ఏం పని?"

మన బస్సుల్లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ప్రయాణం సాగదు. అంచేత ఉన్నమాటే చెప్పాను. "పాత అట్టల కోసం."

ఆయన నా చొక్కా జేబులో కలాన్ని, ఒళ్ళో గుడ్డసంచీని మార్చి మార్చి చూశాడు. "కిలో ఏం ధరకు తీస్కుంటున్రు? మా దుకాణంల శాన పడున్నయి. టీవీల డబ్బాలు, ఫ్యాన్ల డబ్బాలు..."

తప్పు ఆయనది కాదు. తెలుగులో పుస్తకానికుండేదీ అట్టే, ఫ్యాను పెట్టే డబ్బాదీ అట్టే. ఇరవై యేళ్ళనుంచి కాలేజీలో తెలుగు పాఠం చెబుతున్నవాణ్ణి, ముఖచిత్రం అంటే పోయేది. కాని ముఖచిత్రాల కోసమంటే ఆయన నన్ను ఫోటోలు తీసేవాడి కింద జమకట్టి ఉండేవాడు. అంతకంటే పాత సామాన్ల వ్యాపారే నయం.

ఇంతకూ నా పిచ్చి ఏమిటో మీకైనా చెప్పాలి. నేను పాత 'చందమామ'లు పోగుచేస్తాను. కథల కోసం కాదు సుమండీ, కథలన్నీ నాకు కంఠతా వచ్చు. అట్టమీద వడ్డాది పాపయ్యగారి బొమ్మ కోసం. బొమ్మ మూలన చిన్నగా "వ.పా." అని ఉంటుంది చూశారూ, ఆ రెండక్షరాల కోసం.

పాపయ్యగారు 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. తండ్రి రామమూర్తిగారు డ్రాయింగు మాస్టారు. అయిదేళ్ళ వయసులోనే రవివర్మ కోదండరాముణ్ణి చూసి బొమ్మ వేశారని చెబుతారు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసునుంచి 'చందమామ' మొదలుపెట్టారు. 1950లలో ఎం.టి.వి. ఆచార్యగారు మహాభారతం బొమ్మలతో ముఖచిత్రాలకు గొప్ప పేరు తెచ్చారు. ఆ తర్వాత ఆ చోటు పాపయ్యగారిదయింది. 1960లు, 70లు, 80లు, మూడు దశాబ్దాలపాటు తెలుగిళ్ళలో పిల్లలకు హనుమంతుడెట్లా ఉంటాడో, గరుత్మంతుడి రెక్క ఎంత పెద్దదో, రాక్షసుడి కోర యే వంపు తిరుగుతుందో చెప్పింది ఆయన కుంచె. 1992 డిసెంబరులో కాలం చేశారు.

ఆయన బొమ్మల్లో గాలి ఉంటుంది. ఎవరి ఉత్తరీయమూ ఊరికే వేలాడదు, ఏదో ఒక పక్కకు ఎగురుతూ ఉంటుంది. ఎంత బలశాలిని వేసినా కండలు పేర్చి వెయ్యడు. గద పట్టుకున్న చేతిలో బరువు కనిపిస్తుంది, నేలమీద మోపిన కాలిలో బలం కనిపిస్తుంది. సాయంకాలపు ఆకాశానికి ఆయన వాడే ఊదారంగు మరెక్కడా చూడలేదు. మా బోధను పొలాలమీద పుష్యమాసంలో, పొద్దుగూకిన తర్వాత ఒక్క అయిదు నిముషాలు తప్ప.

పాపయ్యగారు స్థిరపడ్డది అనకాపల్లి పక్క కశింకోటలో. అనకాపల్లి బెల్లానికి పేరు. అంటే అదీ చెరకు దేశమే. ఒక చెరకు దేశంలో కూర్చుని ఆయన వేసిన బొమ్మలు ఇంకొక చెరకు దేశంలో మాకు చేరేవన్నమాట. ఇది పెద్ద పరిశోధనేం కాదు. కాని తెలిసిన రోజున నాకు చాలా సంతోషమయింది.

ఈ పిచ్చికి మూలపురుషుడు మా బాపు. మా వైపు నాన్నను బాపు అంటాం. బొమ్మల బాపు అనుకోకండి, ఈయన చేత బొమ్మ వేయిస్తే ఆవుకూ ఆంజనేయుడికీ తేడా తెలియదు. బాపు 1966లో బోధను హైస్కూల్లో తెలుగు మాస్టరుగా చేరాడు. మొదటి జీతంనుంచీ నెలనెలా 'చందమామ' కొన్నాడు. అందులో సీరియల్సంటే ఆయనకు ప్రాణం. సీరియలు పూర్తికాగానే పిన్నులు విప్పి, ఆ పేజీలు మాత్రం వరసగా పేర్చి, బైండు చేయించేవాడు. 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' అట్లా తయారయ్యాయి. తాను చేరకముందు వచ్చిన 'రాకాసిలోయ'ను కూడా పాత సంచికలు సంపాదించి పూర్తిచేశాడు. గులాబిరంగు క్యాలికో వీపు, నీళ్ళమీద నూనె ఒలికినట్టుండే రంగుకాగితం అట్ట. ప్రతి భాగం మొదట్లో పెన్సిలుతో నెల, సంవత్సరం.

అవి రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారని మాకు చాలాకాలం తెలియదు. 'చందమామ'లో ఆయన పేరు వేసేవారు కారు. 1952 నుంచి 2006 దాకా అదే పత్రికలో పనిచేసిన మనిషి. 2010లో పోయారు. బొమ్మల కింద చిత్రా సంతకముండేది, శంకర్ సంతకముండేది, అట్టమీద వ.పా. ఉండేది. శిఖిముఖినీ విక్రమకేసరినీ పుట్టించినాయనకు మాత్రం సంతకం లేదు. మా ఇంట్లో ఆ సీరియల్సు బాపు రాశాడని నేను మూడో తరగతిదాకా నమ్మాను. పెన్సిలు దస్తూరీ ఆయనదే కదా!

బైండు పుస్తకాల్లో అన్నీ ఉన్నాయి, ముఖచిత్రాలు మాత్రం లేవు. ఒక్కటీ లేదు. చిన్నప్పుడు అమ్మనడిగితే, "బైండు చేసేటోడు తీసుకున్నడట" అనేది. ఆ బైండరును నేను చూడలేదు. కాని నలభై యేళ్ళు వాణ్ణి మనసులో తిడుతూనే ఉన్నాను. పెన్సిలు గుర్తుల ప్రకారం లెక్క చూస్తే మొత్తం 61 నెలల అట్టలు రావాలి. ఎనిమిదేళ్ళనుంచి వెతగ్గా 38 దొరికాయి. ఇంకా 23.

"ఫోన్‌ల లేవా?" అంటుంది మా ఆవిడ. ఉన్నాయి. పాత 'చందమామ'లు స్కాను చేసి ఇంటర్నెట్టులో పెట్టిన పుణ్యాత్ములున్నారు, నేనూ చూస్తాను. కాని ఆ ఊదారంగు ఫోనులో ఒకనాడు నీలమై, ఒకనాడు ఎరుపై, వెలుగు పెంచితే మాయమైపోతుంది. కాగితంమీద అట్లా కాదు. ఎరుపు అచ్చు ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగితే రాక్షసుడికి రెండు పెదవులుంటాయి. ఆ తప్పు కూడా నాకు కావాలి.

ఈ విషయంలో నా పక్షాన ఉన్నది మా అబ్బాయి ఒక్కడే. ఇంటరు చదువుతున్నాడు. వాడికి సూపర్‌మాన్, బాట్‌మాన్ పుస్తకాలంటే మోజు. అదీ అన్నీ కాదు, అలెక్స్ రాస్ అనే ఆయన రంగులు వేసినవే కావాలి. 1994లో వచ్చిన 'మార్వెల్స్', 1996లో వచ్చిన 'కింగ్‌డమ్ కమ్' వాడికి భారత భాగవతాలు. లోపల ఎవరు బొమ్మలు వేసినా సరే, అట్ట మాత్రం రాస్‌ది అయితే కొంటాడు. ఒకరోజు నా ముందు తెచ్చిపెట్టి, "చూడు బాపూ, సూపర్‌మాన్ బట్టలకు ముడతలున్నయి. కడుపు కూడ జెర వచ్చింది" అన్నాడు. చూశాను. నిజమే. నిలబడ్డ మనిషిని ఎదురుగా పెట్టుకుని వేసిన బొమ్మ అది. మరునాడు నేను వాడిముందు వ.పా. హనుమంతుణ్ణి పెట్టాను. వాడు చాలాసేపు చూసి, "తోకకు బరువుంది" అన్నాడు. నా కొడుకని తెలిసిపోయింది.

వాడే చెప్పాడు, సూపర్‌మాన్ మొదటిసారి కనిపించిన 1938 జూన్ పుస్తకం ప్రతి ఒకటి 2024లో వేలంలో 60 లక్షల డాలర్లకు పోయిందట! పది సెంట్ల పుస్తకం. మా ఆవిడ ఆ మాట విని మొదటిసారిగా నా ట్రంకు పెట్టెవంక గౌరవంగా చూసింది. అందులో ఎక్కువ ధర పెట్టినది హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్‌మీద 150 రూపాయలకు కొన్నానని చెప్పగానే ఆ గౌరవం దిగిపోయింది.

నిజామాబాదులో నేను తిరగని చోటు లేదు. గాంధీచౌక్ వెనక సందుల్లో కాగితాల తూకం దుకాణాలవాళ్ళకు నా ఫోను నెంబరు తెలుసు. ఒకసారి రాత్రి పది గంటలకు ఫోను వచ్చింది: "సార్, మీ చందమామలచ్చినయ్." పరుగెత్తుకుపోతే అవి చంద్రుడి బొమ్మ ఉన్న క్యాలెండర్లు. అయినా మా ఊరు కాగితానికి పూర్తిగా అన్యాయం చేసిన ఊరేమీ కాదు. ఖిల్లామీద జైల్లో కాగితమే దొరకని రోజుల్లో దాశరథిగారు బొగ్గుతో గోడమీద పద్యం రాశారు. అదే జైల్లో వట్టికోట ఆళ్వారుస్వామిగారూ ఉన్నారు. ఆ గోడను తలుచుకున్నప్పుడల్లా రూపాయికి రెండు కిలోల లెక్కన పోయిన పుస్తకాలు గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

సరే, బస్సు జానకంపేట దాటింది. నా పక్కనాయన దిగిపోతూ, డబ్బాల సంగతి ఆలోచించుకొమ్మని మరీ చెప్పి వెళ్ళాడు.

ఎడపల్లి దాటితే నా చిన్నప్పుడు చెరకు మొదలయ్యేది. ఇప్పుడు కిటికీలోంచి కనిపించేదంతా వరి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగరు మంజీరను ఆపి ఈ నేలకు నీళ్ళు తెచ్చింది. నీళ్ళ వెనక చెరకు వచ్చింది. చెరకు వెనక 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. సూపర్‌మాన్‌కంటే మా ఫ్యాక్టరీ ఒక యేడు పెద్దది! ఆసియాలోకెల్లా పెద్దదని మా పాఠశాలలో చెప్పేవారు, మేం గర్వంగా రాసేవాళ్ళం. చలికాలం వచ్చిందంటే ఊరంతా మొలాసిస్ వాసన. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాకది సంక్రాంతి వాసన. 2002లో ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా ప్రైవేటువారికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటినుంచి చెరకు రైతు వరిలోకి మారాడు. ఏడాది మొత్తం పొలంలో ఉండే పంటకు గిరాకీ పక్కనే ఉండాలి. నరికిన చెరకు ఎక్కువ రోజులు ఆగదు, బరువూ తీపీ రెండూ తగ్గిపోతాయి. పక్క ఫ్యాక్టరీ మూతపడితే పొలం కూడా మారక తప్పదు.

బోధనులో దిగి, వేరే బస్సుకు గంటసేపు వ్యవధి ఉంటే రాకాసిపేటవైపు నడిచాను. రాకాసిపేట! పేరు చూశారా? మా ఊరు భారతంలోని ఏకచక్రపురమని మావాళ్ళ నమ్మకం. లక్క ఇంటినుంచి తప్పించుకున్న పాండవులు బ్రాహ్మణ వేషాల్లో తలదాచుకున్న ఊరు. ఇక్కడే బకాసురుడికి రోజూ బండెడన్నం, రెండు దున్నలు, ఒక మనిషి. ఆ రాకాసి ఉన్న పేట ఇది. ఆదిపర్వంలో నన్నయగారి బకవధ పాఠం చెప్పిన ప్రతిసారీ, "మా ఊళ్ళోనే జరిగింది" అని చెబుతాను. పిల్లలు నమ్మరు. నేను చెప్పడం మానను. ఇక్కడ పాత జైనాలయం మసీదుగా మారి దేవల్ మసీదు పేరుతో నల్లరాతి స్తంభాలతో ఇప్పటికీ నిలిచి ఉంది. ఊరు పాతదనడానికి అదొక్కటీ చాలు. కాని చిన్నప్పుడు నాకు రాతి సాక్ష్యాలెందుకు? సీజనులో ఫ్యాక్టరీ కాంటా ముందు చెరకు బండ్లు మైలు పొడుగున నిలబడేవి. ఒక్కొక్క బండి కొండలా ఉండేది. దానిమీద కంబళి కప్పుకుని కూర్చున్న బండతను నాకు భీముడే. బండెడన్నం తానే తింటూ పోతున్న భీముడు. మేం వెనకనుంచి గడ లాగితే కొరడా ఊపేవాడు కాని కొట్టేవాడు కాదు. రాకాసిపేట అవతల కనిపించే తుప్పలన్నీ నాకు రాకాసిలోయే. బైండు పుస్తకం చదివి వచ్చి అక్కడ గోమాంగను వెతికేవాణ్ణి.

నేనిప్పుడు పోతున్నది క్యాంపుకు. ఈ ప్రాంతం తెలియనివారు సైనికుల క్యాంపనుకుంటారు. నిజాంసాగరు నీళ్ళు పారిన తర్వాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుంచి రైతులు ఇక్కడికి వచ్చి భూములు కొని గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెల గుంపులు క్యాంపులయ్యాయి. గుడిసెలు మేడలయినా పేరు మారలేదు. మా కాలేజీలో డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె, నా అట్టల గొడవ క్లాసులో విని, "సార్, మా తాతమ్మ దగ్గర ట్రంకు పెట్టెనిండా చందమామలున్నాయండి. ఇల్లు పడగొట్టి కడుతున్నారు. వచ్చే వారం తూకానికి వేసేస్తారు" అని చెప్పింది. అందుకే ఈ ఉరుకులు.

తాతమ్మగారికి తొంభై దగ్గర. నడుము వంగింది కాని మాట వంగలేదు. అరుగుమీద కుర్చీ వేయించి, ముందు మజ్జిగ, తర్వాత కాఫీ, ఆ తర్వాత వద్దన్నా పూర్ణాలు. ఆవిడ పదహారో యేట తెనాలి దగ్గరి ఊరినుంచి కొత్తకోడలుగా ఇక్కడికి వచ్చిందట.

"అప్పుడు ఇక్కడ ఏవుందండీ మాస్టారూ? పాములు, తుమ్మచెట్లు. మాటా తెలిసేది కాదు. ఆనపకాయంటే సొరకాయనేవోరు. మా ఊరిమీద బెంగొచ్చినప్పుడు మా ఆయన బోధను సంతకెళ్ళి చందమామ తెచ్చేవోడు. అందులో మా మాట ఉండేదండీ."

ఈ మాట నేనెప్పుడూ ఆలోచించలేదు. మా బాపుకు 'చందమామ' భాష బడి భాష. మా ఇంటి మాట వేరు. ఆ బడి భాషే ఈవిడకు పుట్టింటి భాష. రెండిళ్ళకు మధ్య దూరం నాలుగు మైళ్ళు.

ట్రంకు పెట్టె తీశారు. చెదలు అడుగునుంచి సగందాకా తినేశాయి. మిగిలినవాట్లో అట్ట ఉన్నవి 17. నా చీటీ తీసి సరిచూసుకుంటుంటే చేతులు వణికాయి, నవ్వకండి. నాకు కావలసినవి అందులో నాలుగు. నాలుగు! ఒకే పూట నాలుగు దొరకడం ఎనిమిదేళ్ళలో ఎన్నడూ లేదు. ఎంతిమ్మంటారని అడిగితే ఆవిడ నొచ్చుకుంది. "చదువు చెప్పేవోరి దగ్గర డబ్బు తీసుకుంటావా అండీ?"

కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు చూశాను. దేవుడి గూట్లో, వెంకటేశ్వరస్వామి పటం పక్కన, గాజు ఫ్రేములో హనుమంతుడు. కొండ ఎత్తుకుని ఆకాశంలో పోతున్నాడు. వెనక అదే ఊదారంగు. మూలన వ.పా. నుదుట కుంకుమబొట్లు పెట్టీ పెట్టీ సగం కిరీటం ఎర్రబడింది. పైన 'చందమామ' అన్న అక్షరాలు పూర్తిగా కనిపిస్తూనే ఉన్నాయి. అట్ట! ఆ కొండకింద అడవి చూడగానే తెలిసింది, నా దగ్గర లేనిది.

అడగవచ్చునా? ఇల్లు పడగొడుతున్నారు. పటాలన్నీ దింపుతారు. ఆవిడ ఇస్తుంది కూడా. ఇవ్వననడం ఆవిడకు రాదు. నా నోటిదాకా వచ్చింది.

"ఈ పటం బాగుందమ్మా," అన్నాను, మెల్లిగా దారి వేస్తూ.

"అది మా పెద్దాడిదండీ," అన్నది. "వాడికి చిన్నప్పుడు నత్తి. 'క' అనడానికి కాఫీ చల్లారిపోయేది. బోధను బళ్ళో తెలుగు మాస్టారొకాయనుండేవోరు. నెలనెలా చందమామ వచ్చాక, పోయిన నెల సీరియల్ కథ ఎవరు తడబడకుండా చెబుతారో వాళ్ళకి ఆ అట్ట చింపి బహుమానవిచ్చేవోరంట. మావాడికి ఈ ఆంజనేయసావి మీద మనసు పడింది. పదిహేను రోజులు గొడ్లపాకలో దూడకి కథ చెప్పాడండీ. ఎనిమిదో తరగతి. చెప్పేశాడు! ఒక్క అక్షరం తడబడకుండా చెప్పేశాడంట. పరిగెత్తుకుంటా ఇంటికొచ్చి, అట్ట చూపించి, ఏడిచాడు. ఆ రోజే ఫ్రేము కట్టించాం."

నాకు నోట మాట రాలేదు. కొంతసేపటికి, "ఆ మాస్టారు ఎట్లా ఉండేవారు?" అన్నాను.

"నేను చూళ్ళేదండీ. నల్ల గొడుగు, ఎప్పుడూ సైకిలు నడిపించుకుంటా వెళ్ళేవోరంట, ఎక్కేవోరు కాదంట."

మా బాపుకు సైకిలు తొక్కడం రాదు. పుస్తకాల బరువు మొయ్యడానికి సైకిలు కొన్నాడు.

నేనెవరో చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చెప్పితే ఆ పటం నా సంచిలోకి వచ్చేస్తుంది, ఆపడం నా తరం కాదు. చెప్పలేదు. "మీ అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నారమ్మా?" అని మాత్రం అడిగాను.

"ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడండీ. ముప్ఫై యేళ్ళు 'బోధన్, ఎడపల్లి, నిజామాబాద్' అని అరిచాడు. ఒక్కనాడు తడబళ్ళేదు."

తిరుగు బస్సులో సీటు దొరకలేదు. సంచి గుండెకు ఆనించుకుని నిలబడి వచ్చాను. శక్కర్‌నగర్ దగ్గర పొద్దుగూకింది. పొగ లేని గొట్టం వెనక ఆకాశం అయిదు నిముషాలు ఊదాగా ఉండి నల్లబడిపోయింది.

ఇంటికి వచ్చేసరికి బాపు వరండాలో కుర్చీలో ఉన్నాడు. ఎనభై దాటాయి. నీటికాసులతో చూపు చాలావరకు పోయింది. అట్టలు చేతికిస్తే ఎండకు ఎదురుగా పెట్టి రంగులు మాత్రం పోల్చుకుంటాడు. అందుకే ఎనిమిదేళ్ళుగా నా తొందర. 61 పూర్తయ్యేదాకా ఆ కాస్త చూపు ఉంటే చాలునని.

"ఎన్ని దొరికినయిరా?"

"నాలుగు. ఇంకొకటి చూసిన, తేలేదు."

కథంతా చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ ఆయన వేళ్ళు అట్ట అంచుమీద కదులుతూనే ఉన్నాయి. చివరకు, "మరి బైండరు తీసుకున్నడని అమ్మ ఎందుకన్నది?" అని అడిగాను.

బాపు నవ్వాడు. "మీ అమ్మకు లక్ష్మీదేవి అట్ట కావాలె, సరస్వతి అట్ట కావాలె, దేవునర్రల పెట్టుకుంటనంటది. బళ్ళె పిల్లలకిచ్చిన్నంటే ఊకుంటదా? బైండరు మీదికి దొబ్బిన. పాపం వాడేం జేసిండు."

అమ్మ పోయి ఆరేళ్ళయింది.

కొంచెంసేపటికి ఆయనే అన్నాడు. "ఆ నత్తి పిలగాడు... కథ చెప్తుంటే గంట కొట్టినా ఎవడూ లేవలే. లెక్కల సారు వచ్చి వాకిట్ల నిలవడ్డడు, ఆయన గూడ విన్నడు."

"కండక్టరయిండట. ముప్ఫై యేండ్లు చేసిండట."

"మంచిగయింది," అన్నాడు బాపు. మళ్ళీ చాలాసేపు ఏమీ అనలేదు. నేను లేచి లోపలికి పోబోతుంటే వెనకనుంచి పిలిచాడు.

"అరే, ఇల్లు పడగొడ్తున్రంటివి గద. ఆ హనుమంతుణ్ణి యాడ పెడ్తరో అడిగినవా?"